పెరట్లో పిట్టల వాటా

కిందటేడు దసరా నాటి మధ్యాహ్నం మా జనగామ వీధిలోకి ఒక మనిషి పాలపిట్టని పట్టుకొచ్చాడు. చేతిలో చిన్న తీగల పంజరం. దానిమీద పాత చీరగుడ్డ కప్పి వుంది. "పాలపిట్టను చూసుకోండ్రమ్మా, ఏడాదంత మంచి జరుగుతది" అని గుమ్మం గుమ్మం దగ్గరా కేకేస్తున్నాడు. ఇంటికి ఇరవై రూపాయలు. డబ్బు చేతిలో పడగానే గుడ్డ ఎత్తుతాడు. మనం దణ్ణం పెట్టుకుంటాం. మళ్ళీ గుడ్డ కప్పేస్తాడు. అంతే వ్యవహారం.

నేనూ ఇరవై ఇచ్చాను. అబద్ధం ఎందుకు చెప్పాలి! జమ్మి దగ్గరికి వెళ్ళే తొందర, కొత్త చీర నలుగుతుందేమోనన్న బెంగ. ఊరవతల పొలాల దాకా ఎవరు నడుస్తారు, పిట్టే ఇంటికొచ్చిందిగా అనుకున్నాను. గుడ్డ ఎత్తాడు. పిట్ట కదలలేదు. రెక్కల ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి వున్నాయి. ఎగరకుండా జిగురు పూస్తారని తర్వాత తెలిసింది. ఆ నీలం రంగు నీలంలాగే లేదు, నీళ్ళలో తడిసి ఎండిన కాయితంలా వుంది.

మా అత్తమ్మ మాత్రం గడప దాటి రాలేదు. "పిట్టను మనం పోయి చూడాలె గని, పిట్టను కట్టేసి మనకాడికి తెస్తే అది శకునమెట్లయితది?" అని లోపలికి వెళ్ళిపోయింది.

బి.ఏ.లో మూడేళ్ళు చరిత్ర చదువుకున్నాను. యుద్ధాలూ సంధులూ ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పిట్ట దగ్గరికి మనం వెళ్ళిన రోజుల నుంచి, పిట్టను కట్టి మన దగ్గరికి తెచ్చుకునే రోజుల దాకా ఎలా వచ్చామో ఏ పాఠంలోనూ లేదు. అందుకే నా చేతికి అందినంత మేరకు వెతుక్కుంటూ పోయాను. వెతకగా వెతకగా దారి చివరికి మా అమ్మమ్మ పెరట్లోకే తీసుకువెళ్ళింది. మీలో చాలామందికి అలాంటి పెరడు ఒకటి జ్ఞాపకంలో వుండే వుంటుంది.

ముందు ఒక విచిత్రం చెప్పనివ్వండి. మా జనగామ, పక్కనున్న మహబూబాబాద్, ఆ పై అడవి వైపు జయశంకర్ భూపాలపల్లి – ఈ మూడు జిల్లాలూ పాత వరంగల్ జిల్లాలోంచి విడివడి పుట్టింది 2016 అక్టోబరు 11న. ఆ రోజు దసరా. అంటే పాలపిట్టను చూసే రోజునే పుట్టిన జిల్లాలన్నమాట! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పక్షి పాలపిట్టే. 2014లో తెలంగాణా దాన్నే తన పక్షిగా ఎంచుకుంది. అజ్ఞాతవాసం ముగించి జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకున్న పాండవులకు పాలపిట్ట ఎదురై విజయం చెప్పిందని మన పెద్దవాళ్ళ మాట. ఆ పిట్ట ఎదురైంది స్వేచ్ఛగా ఎగురుతూ. ఎవరూ పంజరంలో పెట్టి ధర్మరాజు ముందుకు తీసుకురాలేదు.

ఇక మా అమ్మమ్మ పెరటి సంగతి. వాళ్ళ ఊరు పాలకుర్తి దగ్గర. గూన పెంకుల ఇల్లు. వెనక పెరడెంత వుండేదంటే, పిల్లలం దాగుడుమూతలాడితే అన్నాల వేళ దాకా ఒకరికొకరం దొరికేవాళ్ళం కాదు. ఒక మూల చింతచెట్టు, బావిగట్టున కరివేపాకు, జామ, తడికకు పాకిన కాకరతీగ, స్నానాల బండ దగ్గర నీళ్ళు పారే చోట అరటి, చేమ. దాన్ని ఎవరూ తోట అనేవాళ్ళు కాదు. ఎవరూ ప్లాను గీసి పెంచలేదు. ఇంట్లోవాళ్ళ అవసరం, విత్తనాల ఇష్టం, పిట్టల రెట్టలు – ఈ మూడూ కలిసి పెంచిన పెరడది.

పొద్దున్నే సాన్పి చల్లి బియ్యప్పిండితో ముగ్గు వేసేది అమ్మమ్మ. అది చీమల వాటా. వంట కాగానే ప్రహరీ గోడమీద ముద్ద. అది కాకి వాటా. గోలెం పక్కన పగిలిన కుండపెంకులో ఎప్పుడూ నీళ్ళుండేవి. వాటిని పెట్టడం ఒక పని అని కూడా ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. కొత్త వడ్లు ఇంటికొచ్చిన రోజున వరికంకులు కుచ్చుగా అల్లి దర్వాజా పైన కట్టేది. పిచ్చుకలు దానిమీద తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకు తింటుంటే, కింద పడిన ఊక ఊడ్చుకోవడం మా వంతు. గూన పెంకులకూ దూలాలకూ మధ్య వాటి గూళ్ళు. గడ్డిపరకలు వచ్చి అన్నం కంచంలో పడేవి. మా మేనమామ విసుక్కుని కర్ర తీస్తే అమ్మమ్మ చెయ్యి పట్టుకునేది – "ఊకో కొడుకా, అది బాలింత."

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి ఎవరి పాలు వాళ్ళకు తీసిపెట్టే రోజులవి. అమ్మమ్మ లెక్కలో పిట్ట కూడా ఆ వరసలోదే. అతిథి కాదు, భిక్షగత్తె కాదు, వాటాదారు.

అలాగని అదేదో రామరాజ్యమని నేను చెప్పబోవటం లేదు. అదే అమ్మమ్మ జొన్నచేను పాలు పోసుకునే వేళకు మంచె ఎక్కి వడిసెల తిప్పేది. చిలుకల గుంపు వాలితే ఆమె నోట వచ్చే తిట్లు రాస్తే సంపాదకులు వేసుకోరు. పూరేడు పిట్టలను వలేసి పట్టి అమ్మేవాళ్ళు వూళ్ళో వుండేవాళ్ళు, కొనుక్కుని కూర వండుకునేవాళ్ళూ వుండేవాళ్ళు. చేను దగ్గర తగవు తగవే, ఇంటి దగ్గర వాటా వాటాయే. అన్నదమ్ముల మధ్య వ్యవహారంలాగ!

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పాలకుర్తి అంటే గింజ కోసం పోరాడిన నేల. 1940లలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు సాగుచేసుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే, సంఘం అండతో ఎదురు నిలిచి ఆ ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకుంది. 1985లో ఆమె కన్నుమూసే నాటికి ఆ కథ తెలంగాణ అంతటా పాటైపోయింది. తిండిగింజ మనిషి ప్రాణం మీదికి తెచ్చిన ఆ చోటనే, ఆడవాళ్ళు అదే గింజలోంచి ఒక గుప్పెడు పిట్ట కోసం దర్వాజాకు కట్టారు. కడుపు నిండినవాళ్ళు చేసిన దానం కాదది. ఆకలి అంటే తెలిసినవాళ్ళు ఒప్పుకున్న వాటా.

ఈ ఒప్పందం ఎన్నాళ్ళదో చూద్దామని వెనక్కి వెళ్ళాను. భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతంలో పాండవుల గుట్ట వుంది. అక్కడి రాతిగుహల్లో ఆదిమ మానవులు వేసిన రంగుబొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత ఆ గోడల మీద వున్నాయి. ఇల్లంటూ కట్టుకోకముందే, పెరడంటూ లేకముందే, మనిషి తన గోడమీద ముందుగా చోటిచ్చింది జంతువుకి! మనం హాల్లో గోడకు ప్లాస్టిక్ లేడి తల తగిలించుకోవడానికీ దానికీ ఎంత తేడా!

అక్కడి నుంచి కాకతీయుల కాలానికి వస్తే చెరువులు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ళ దగ్గరున్న గణపసముద్రం ఆ కాలం నాటిదే. కానీ నన్ను ఆపేసింది మహబూబాబాద్ జిల్లా బయ్యారం. అక్కడి చెరువు తవ్వించి శాసనం వేయించింది గణపతిదేవుని చెల్లెలు మైలాంబ. కాకతీయుల వంశక్రమం ఇదీ అని చరిత్రకారులు తేల్చుకోవడానికి ఆ శాసనమే పెద్ద ఆధారం. ఒక ఆడమనిషి చెరువు తవ్వించి, పక్కన రాయి పాతించకపోతే, ఆ మహారాజుల తాత ముత్తాతల పేర్లు మనకు సరిగా తెలిసేవే కావు! ఈ మాట మా డిగ్రీ పుస్తకంలో ఒక్క వాక్యంలో వుంది. పరీక్షలో మాత్రం రాలేదు.

చెరువంటే ఊరందరికీ ఉమ్మడి పెరడు. వరికి నీళ్ళు, బర్రెలకు బురద, కొంగకు చేప, లకుముకి పిట్టకు గట్టున గూడు, బాతులకు చలికాలపు విడిది. ఆశ్వయుజంలో మన బతుకమ్మ చేరేదీ అక్కడికే. తంగేడు, గునుగు, కట్ల, బంతి – వీటిలో సగం పూలు ఎవరూ నాటినవి కావు. బీళ్ళలో, గట్ల మీద, పెరటి మూలల్లో వాటంతటవే మొలిచినవి. తంగేడు ఆకు తినే గొంగళ్ళే తర్వాత తెల్లని, లేత పసుపు సీతాకోకచిలుకలవుతాయి. పువ్వు మనకు, ఆకు వాటికి. కలుపు అని పీకి పారేసేదే మన పెద్ద పండుగకు ప్రాణం కావడం చిత్రంగా లేదూ? 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు అందరూ ఎకరాల లెక్కే చెప్పారు. కొంగల లెక్క ఎవరూ చెప్పలేదు గానీ, నీళ్ళు నిలిచిన చోటికి అవి పిలవకుండానే వచ్చాయి.

మా జనగామ జిల్లాలోనే వల్మిడి వుంది. వాల్మీకి మహర్షి అక్కడే వుండేవాడని ఊరివాళ్ళ నమ్మకం. నిజానిజాలు పండితులు చూసుకుంటారు. కానీ ఆ కథ ఒక్కసారి తలచుకోండి. బోయవాడి బాణానికి జంటలో ఒక క్రౌంచపక్షి కూలిపోతే, రెండోది ఏడ్చిన ఏడుపు విని ఋషి నోట పుట్టింది తొలి శ్లోకం. అంటే మన కవిత్వం ఒక పిట్టకు బాకీ పడి మొదలైంది. వల్మిడికి దగ్గర్లోనే బమ్మెర, మన పోతన్న ఊరు. ఆయన రాసిన భాగవతం కొంత చెదలు తినేస్తే తర్వాతివాళ్ళు పూరించారని చెప్పుకుంటారు. చూశారా, చెదపురుగు కూడా తన వాటా వదులుకోలేదు! జనగామ పక్కనే వున్న పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద హంసలనూ నెమళ్ళనూ సుత్తి దెబ్బలతో పలికించే పనితనం కాకతీయుల నాటి నుంచీ వస్తున్నదే. మన చుట్టుపక్కల రాయి, లోహం, పద్యం – దేంట్లో వెతికినా ఒక రెక్క కనబడుతుంది.

మరి ఈ బంధుత్వం ఎక్కడ చెడింది? నేను తెల్లదొరలనే తిట్టిపోయాలని కూర్చున్నాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యూరపు, అమెరికా దేశాల్లో ఆడవాళ్ళ టోపీలకు పిట్టల ఈకలు తురుముకోవడం పెద్ద ఫ్యాషన్. ఆ టోపీల కోసం మన కొంగలనూ లకుముకి పిట్టలనూ పాలపిట్టలనూ ఓడలకెత్తారు. తిట్లన్నీ సిద్ధం చేసుకున్నాక తెలిసింది, దానికి అడ్డుపడిందీ ఆడవాళ్ళేనని. 1889లో ఇంగ్లండులో ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ, ఈకలు ధరించమని ఒట్టు పెట్టుకున్న స్త్రీలతో ఒక సంఘం పెట్టింది. ఈనాడు ఆ దేశంలో పక్షుల కోసం పనిచేసే పెద్ద సంస్థకు మూలం అదే. 1896లో అమెరికాలో బోస్టన్ నగరంలో హారియెట్ హెమెన్వే, మిన్నా హాల్ అనే ఇద్దరు ఆడవాళ్ళు టీ విందులు పెట్టి, వచ్చిన అమ్మలక్కల చేత అదే ఒట్టు వేయించారు. టీ తాగుతూ పరనిందే కాదు, పనికొచ్చే పని కూడా చేయవచ్చని ఋజువైంది. 1902లో మన దేశం నుంచి ఈకల ఎగుమతిని నిషేధించారు. 1921లో బ్రిటన్ దిగుమతిని ఆపింది.

అప్పట్లో మన ప్రాంతం నిజాం ఏలుబడిలో వుంది. అడవులు దొరల వేటకు. ఆ రోజుల్లో, 1931–32లలో, సలీం అలీ హైదరాబాద్ సంస్థానం పక్షులను సర్వే చేశాడు. డేరాలు వేసుకుని అడవి నుంచి అడవికి తిరిగాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. వెంట వుండి ఆ డేరాల కాపురం నడిపిన ఆయన భార్య తెహ్మీనా పేరు ఎంతమందికి తెలుసు? ఇంటి వసతులన్నీ వదిలి పిట్టల వెంట భర్తతో నడిచిన ఆమె 1939లో చనిపోయింది. పక్షుల పుస్తకాలకు కూడా వంటింటి ఋణం వుంటుంది లెండి.

1950ల తొలినాళ్ళలో పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. రామచిలుకను పెంచుకోవడమూ నేరమే. నేను ఇరవై రూపాయలిచ్చి కొనుక్కున్నది శకునం కాదు, నేరంలో వాటా!

అయితే చట్టాలన్నీ అడవికే చేశాం. పెరట్లో జరిగింది ఎవరి కంటా పడలేదు. గూన పెంకులు పోయి స్లాబు వచ్చింది. పిచ్చుకకు సందు లేకుండా పోయింది. కాలు బురద కాకూడదని పెరడంతా గచ్చు చేయించాం. వానపాముకు చోటు పోయింది, దాంతో గోరువంకకు భోజనం పోయింది. చింతచెట్టు ఆకు రాలుస్తుందని కొట్టించాం. బియ్యప్పిండి బదులు రాళ్ళపిండి, ఆ తర్వాత ముగ్గు స్టిక్కరు వచ్చాయి. చీమకు కబురు కూడా చెప్పలేదు.

పిచ్చుకలు పోవడానికి సెల్‌ఫోన్ టవర్లే కారణమని మనం తేలిగ్గా అనేస్తాం. అలా అంటే మన తప్పేం లేనట్టుంటుంది కదా! అది ఋజువైన సంగతి కాదు. 2020లో వచ్చిన దేశవ్యాప్త నివేదిక మొత్తం మీద పిచ్చుకలు నిలకడగానే వున్నాయనీ, పెద్ద నగరాల్లోనే తగ్గాయనీ చెప్పింది. పిచ్చుక గింజలు తింటుంది గానీ దాని పిల్లలకు మాత్రం మొదట్లో మెత్తని పురుగులే కావాలి. పురుగు లేని ఇంట్లో పిచ్చుక కాపురం చేయలేదు. కంకుల కుచ్చు ఒక్కటే కట్టి, మిగతా అంతా మందు కొట్టుకుంటే, అది భోజనానికి పిలిచి పసిపిల్లకు పాలు లేవన్నట్టే. పాలపిట్ట సంగతి ఇంకా బాధ. 2023 నాటి నివేదికలో, బాగా తగ్గిపోతున్నాయి, పరిస్థితి మళ్ళీ పరిశీలించాలి అన్న పక్షుల్లో పాలపిట్ట ఒకటి. మిడతలనూ పెంకు పురుగులనూ ఏరుకు తినే పిట్ట, ఎండిన తాడిమొద్దు తొర్రలో గుడ్లు పెట్టుకునే పిట్ట. ఎండిన మొద్దెందుకని నరికేస్తున్నాం. పురుగులను మనమే చంపుతున్నాం. ఇక అది వుండేదెక్కడ, తినేదేమిటి?

మందు మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. 1997–98లో పాత వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగు పాలై, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు కోసం కొన్న మందే తాగినవాళ్ళు వాళ్ళలో వున్నారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు మిగిలిన బతుకు గురించి నవలలు రాయవచ్చు. రాయడానికి చెయ్యి రాదు. పురుగులను తినే పిట్టనూ సాలీడునూ కందిరీగనూ మందు ముందుగా చంపింది. మందుకు అలవాటు పడిన పురుగు మిగిలింది. చివరికి మనిషి వంతు వచ్చింది.

ఆ చీకట్లోంచి బయటపడిన పల్లె ఒకటి మా జనగామ జిల్లాలోనే వుంది. లింగాలఘనపురం మండలంలో ఏనెబావి. యాభై పైచిలుకు గడపల చిన్న ఊరు. ఊరంతా కట్టుబడి ముందు పురుగుమందులు మానేశారు, తర్వాత రసాయన ఎరువులు మానేశారు. 2006 నాటికల్లా రసాయనాలు లేని ఊరుగా పేరు తెచ్చుకున్నారు. వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, రాత్రిపూట దీపపు ఎరలు – ఇవీ ఆ సేద్యపు పనిముట్లు. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది చేలో అక్కడక్కడా నాటే పంగకర్రలు. ఎందుకంటారా? పిట్టలు వాలడానికి! వాలిన పిట్ట కింద పాకే పచ్చపురుగును ఊరికే వదలదు. ఎక్కడ వడిసెల తిప్పామో అక్కడే కూర్చోమని పీట వేశామన్నమాట. అమ్మమ్మ వాటా లెక్క మళ్ళీ చేలోకి వచ్చింది. ఈసారి దయతో కాదు, ప్రాణావసరంతో.

ఇంత తెలిశాక నా పెరడు చూసుకున్నాను. చూసుకోవడానికి భయమేసింది. రెండేళ్ళ కిందట మా కరివేపాకు చెట్టుకు పిట్టరెట్టల్లాంటి పురుగులు పట్టాయి. కొన్నాళ్ళకు ఆకుపచ్చగా లావెక్కాయి. ముట్టుకుంటే తలమీద నారింజరంగు కొమ్ములు లేపి ఘాటు వాసన కొట్టాయి. నేను కెవ్వుమని అరిచి, మా వారి చేత మందు కొట్టించాను. అన్నీ రాలిపోయాయి. పక్కన మందార ఆకులు కుట్టి గూడు కట్టుకుంటున్న కుట్టుపిట్ట ఆ వారమే గూడు వదిలేసి వెళ్ళిపోయింది. కారణం అదేనని కోర్టులో ఋజువు చేయలేను గానీ నా మనసుకు తెలుసు. ఆ పురుగులు తెల్లచుక్కల నల్ల సీతాకోకచిలుక పిల్లలని తర్వాత తెలిసింది. కరివేపాకు, నిమ్మ – ఇవే వాటి పుట్టిళ్ళు. మన కరివేపాకును అవి తింటున్నాయని ఏడ్చే మనం, మన పిల్లల ఫ్రాకుల మీద మాత్రం సీతాకోకచిలుకలు కుట్టించుకుంటాం.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లో వుండే నా స్నేహితురాలు నాకంటే నయం. బొగ్గుదుమ్ము ఆకుల మీద పడుతుందని సాయంత్రాలు మందార చెట్టుకు నీళ్ళు చిలకరించి స్నానం చేయిస్తుంది. ఆ మందారం కోసం తేనెపిట్ట వచ్చింది. వచ్చినది ఊరుకుందా? వరండాలో బట్టలారేసే తీగకు సాలెగూటి పోగులతో సంచిలాంటి గూడు అల్లింది. నెలరోజులు ఆ తీగ మీద ఒక్క గుడ్డ ఆరేయలేదు నా స్నేహితురాలు. వరండా మూల బూజు దులపలేదు. అత్తగారు వచ్చి "ఇల్లేమిటిలా వుంది?" అంటే, "పురిటి ఇల్లండీ" అందట!

నా మట్టుకు నేను చేసినవి చిన్న పనులే. పెరట్లో సగం గచ్చు పగలగొట్టించాను. డబ్బు పెట్టి వేయించి, డబ్బు పెట్టి తీయించడం చూసి మేస్త్రీ నన్నదోలా చూశాడు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టాను, చిన్న పిట్టలూ తేనెటీగలూ మునగకుండా. నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే పిట్టలకంటే ముందు దోమలు పిల్లలు పెడతాయి. పిల్లి పొంచి వుండే పొదకు దూరంగా, పారిపోవడానికి కొమ్మ అందేంత దగ్గరగా పెట్టాలి. జామకాయలు అందినంత మేర మనకు, పైకొమ్మవి చిలుకలకూ ఉడుతలకూ. ఒక మూల రాలిన ఆకులు ఊడ్చకుండా వదిలేశాను. అక్కడ కప్ప చేరింది, తొండ చేరింది. మందార, మునగ, దానిమ్మ, తులసి తేనె తాగేవాళ్ళకు. ప్రహరీ పక్క జిల్లేడు పీకలేదు, దాని ఆకు తిని బతికే నారింజరంగు సీతాకోకచిలుక వుంది. గంగవాయిలి కూర కుండీల్లో మొలిస్తే సగం పప్పులోకి, సగం దాన్ని తినే గొంగళ్ళకు. జెర్రిపోతు ఒకసారి కనబడింది. మా వారు కర్ర తీశారు. ఎలుకలు పట్టే పామని బతిమాలి ఆపాను. ఆయన కర్ర దించారు గానీ, వారం రోజులు పెరట్లోకి రాలేదు.

కోతుల మాటేమిటని మీరు అడగకముందే చెబుతాను. మా మూడు జిల్లాల్లో కోతుల బెడద లేని ఊరు లేదు. మహబూబాబాద్‌లో మా పిన్నిగారి పెరట్లో ఒక్క మధ్యాహ్నంలో సీతాఫలాలూ సొరకాయలూ ఊడ్చుకుపోయి, పోతూ పోతూ డిష్ ఏంటెన్నా కూడా వంచాయి. వాటికి మాత్రం తిండి పెట్టకండి. చేత్తో పెట్టిన తిండే వాటిని అడవి మరిచిపోయేలా చేసింది. వాటా వేరు, అలవాటు చేయడం వేరు. పిట్టలకైనా గంపెడు గింజలు పోయడం కంటే చెట్టు, నీడ, నీళ్ళు, పురుగు మిగల్చడమే మేలు. మనం లేని నాడు కూడా అవి బతకాలి కదా!

ఈ ఏడు దసరాకు ఆ పంజరం మనిషి మళ్ళీ వచ్చాడు. నేను చట్టం చెప్పబోయాను. "పొద్దుటి సంది తిరిగితే మా పిల్లల పండుగ ఎల్లుతది తల్లీ" అన్నాడు. నా గొంతులో మాట ఆగిపోయింది. పండుగపూట పిండివంటలు కట్టి ఇచ్చాను, ఇరవై మాత్రం ఇవ్వలేదు. పిట్టను వదిలెయ్యమన్నాను. వదలలేదు. వదిలినా ఆ రెక్కలతో ఎంత దూరం పోతుంది? ఫోన్ తీసి అటవీశాఖకు చెప్పాలా, ఆ మనిషి పిల్లల పండుగ చూడాలా అని నేను నిలబడి తేల్చుకునేలోగా అతను సందు తిరిగిపోయాడు. ఇరవై ఇచ్చే చేతులున్నంత కాలం పంజరం వస్తూనే వుంటుందని మాత్రం అర్థమైంది. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

సాయంత్రం అత్తమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని ఊరవతల పొలాల దాకా వెళ్ళాం. వరిచేల గట్టు మీద చాలాసేపు నిలబడ్డాం. గువ్వలు వచ్చాయి, కొంగలు వచ్చాయి. పొద్దు వాలుతుండగా దూరంగా కరెంటు తీగ మీద ఒకటి కూర్చుని కనబడింది. కూర్చున్నప్పుడు మట్టిరంగే. మిడతను చూసిందేమో, ఒక్కసారి రెక్కలు విప్పింది. ఆ నీలం నేను రాయలేను, మీరే వెళ్ళి చూడండి.

అత్తమ్మ చేతులు జోడించింది. పిట్ట మా వైపు చూడనైనా చూడలేదు. మిడతను పట్టుకుని తాడిచెట్ల వైపు వెళ్ళిపోయింది.

"మనల్ని చూడనే లేదు కదత్తమ్మా" అన్నాను.

"అదెందుకు చూస్తది? దసరా మనకు గని, దానికా!" అంది అత్తమ్మ, ఆటో ఎక్కుతూ.